లారీల్లో లాగ్ మెషీన్ పెడితే సరిపోతుందా: ఎడిటర్ గారికి ఉత్తరం

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు, అమెరికాలో లారీ డ్రైవర్లకి ఎప్పుడు నడిపారో ఎప్పుడు రెస్ట్ తీసుకున్నారో రాసే లాగ్ బుక్ ఉంటుంది, అది ఇప్పుడు కంప్యూటరే రాసేస్తుంది, ఇన్ని గంటలకి మించి నడపడానికి వీల్లేదు, మన దగ్గర కూడా అదే పెట్టేస్తే తెల్లవారుజామున నిద్రమత్తులో జరిగే యాక్సిడెంట్లు ఆగిపోతాయి అని. ఆయన ఉద్దేశం మంచిదే, కాదనను. కాకపోతే ఆ లాగ్ బుక్కులు చూడటమే నా ఉద్యోగం కాబట్టి రాయకుండా ఉండలేకపోయా, పొడుగైపోతే మీరే కత్తిరించుకోండి.

నేనుండేది చెన్నై మాధవరంలో, పనిచేసేది ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు మీద ఒక ఆఫీసులో, పేరు ఎందుకులెండి. అమెరికా ట్రక్కు కంపెనీలకి బ్యాక్ ఆఫీస్ పని మాది. ఇక్కడ జనం ఇళ్ళకి పోయే టైంకి మా షిఫ్ట్ మొదలవుతుంది, అక్కడ టెక్సాస్‌లోనో ఒహాయోలోనో డ్రైవర్ బండెక్కి లాగిన్ అవ్వగానే అతని గడియారం మా స్క్రీన్ మీద తిరగడం మొదలు. ఎవరికి ఎన్ని గంటలు మిగిలాయి, ఎవడు బ్రేక్ తీసుకోలేదు, ఎవరి లాగ్‌లో సంతకం లేదు, ఇవి చూసి ఫోన్ చేసి చెప్పడం మా పని. టీంలో తెలుగువాళ్ళం చాలామందిమి, నెల్లూరు చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఏదో సాఫ్ట్‌వేర్ అని చెప్పుకుంటాం, లారీల పని అంటే పెళ్ళిసంబంధాలు రావు మరి.

ముందు అక్కడి రూల్ ఏంటో చెప్తా. సరుకు లారీ డ్రైవర్ వరసగా 10 గంటలు రెస్ట్ తీసుకున్నాక డ్యూటీ ఎక్కితే, ఎక్కిన దగ్గర్నుంచి 14 గంటల్లోపే అతని డ్రైవింగ్ మొత్తం అయిపోవాలి, ఆ 14లో కూడా స్టీరింగ్ పట్టుకునేది 11 గంటలే. 8 గంటలు నడిపాక 30 నిమిషాలు బ్రేక్ పడాలి. వీటి మీద వారం లెక్క ఒకటుంది, 7 రోజుల్లో 60 గంటలు లేదా 8 రోజుల్లో 70, కంపెనీ ఎలా నడుస్తుందో దాన్నిబట్టి. దీనికి లాగ్ షీట్ ఎలా ఉంటుందంటే అడ్డంగా రోజుకి 24 గళ్ళు, నిలువుగా నాలుగు వరసలు. ఆఫ్ డ్యూటీ ఒకటి, క్యాబిన్ వెనకాల పడుకునే బెర్త్‌లో ఉంటే ఒకటి, డ్రైవింగ్ ఒకటి, నాలుగోది డ్యూటీలోనే ఉన్నాడు గానీ నడపట్లేదు, అంటే లోడింగ్, డీజిల్, టైర్లు చెక్ చేసుకోవడం లాంటివి. పెన్నుతో ఒక గీత అలా పాకించుకుంటూ వెళ్ళాలి, పని మారినప్పుడల్లా గీత ఆ వరసలోకి దిగాలి, పక్కన ఊరి పేరు రాయాలి, చివర్లో నాలుగు వరసలూ కూడితే 24 రావాలి. ఇది 1930ల నుంచీ ఏదో ఒక రూపంలో ఉన్నదే.

చేత్తో రాసే రోజుల్లో ఏం జరిగేదో మీరు ఊహించుకోగలరు. డ్రైవర్లే వాటిని కామిక్ బుక్కులు అనేవాళ్ళు. ఒక్కొక్కడి దగ్గర రెండు బుక్కులు, పోలీసుకి చూపించేది ఒకటి, ఓనర్‌కి ఒకటి. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ల్యాప్‌టాప్‌లో లాగ్ తయారు చేసుకుని ప్రింట్ తీసి సంతకం పెడితే అది కూడా చెల్లుతుందని అక్కడి కేంద్ర గవర్నమెంట్ వాళ్ళే చెప్పారు, ఉండాల్సిన వివరాలన్నీ ఉండాలి, గడిచిన 7 రోజులవి సంతకాలతో బండిలో ఉండాలి, ఆపినప్పుడు ఆ రోజుది ప్రింట్ తీసి ఇవ్వగలగాలి, అంతే. అందులో తప్పేమీ లేదు, చెయ్యి తిరగని డ్రైవర్‌కి అది సాయమే. కానీ పాత డ్రైవర్లు చెప్పేదాన్నిబట్టి అక్కడితో ఆగలేదండి. లోడు ఎక్కడ ఎత్తావ్, ఎక్కడ దించాలి, ఎప్పటికి దించాలి అని అడిగే ప్రోగ్రాములు ఉండేవట, అది చెప్పేస్తే గంటకి ఇన్ని మైళ్ళని సగటు వేసుకుని, రూల్‌కి సరిపోయేట్టు రెస్టులు మధ్యలో దూర్చి, ఏ ఊళ్ళో ఆగాడో ఊరి పేర్లతో సహా గీతలు గీసి ఇచ్చేవట. డ్రైవర్ మాత్రం రాత్రంతా రోడ్డు మీదే.

మరి ఇన్‌స్పెక్టర్‌కి అనుమానం రాదా అని అడగొచ్చు. రోడ్డు పక్కన ఆపిన ఇన్‌స్పెక్టర్‌ చేతిలో ఉండేది ఆ కాగితాలూ కాస్త టైమూ, వెనకాల ఇంకో పది బళ్ళు ఆగి ఉంటాయి. 24 కూడిందా, ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఇన్ని మైళ్ళకి ఆ టైం సరిపోతుందా, డీజిల్ బిల్లు మీదున్న గంటకి గీత కూడా ఆ ఊళ్ళోనే ఉందా, సంతకం ఉందా, ఇంతే అతను చూడగలిగేది. ఇవన్నీ తప్పకుండా కుదరడం కంప్యూటర్‌కి చాలా తేలిక, అలిసిపోయిన మనిషికే కష్టం. కాబట్టి జరిగేదేంటంటే నిజంగా 10 గంటలు పడుకుని లేచి, చేత్తో రాసుకుని, తేదీ వెయ్యడం మర్చిపోయినవాడు, 15 నిమిషాలు అటూఇటూ గీసినవాడు ఫారం సరిగ్గా లేదని రిపోర్ట్‌లోకి ఎక్కుతాడు, మొత్తం కట్టుకథ ప్రింట్ తీసుకొచ్చినవాడు గుడ్ డే అనిపించుకుని వెళ్ళిపోతాడు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో నచ్చని ముక్క ఇదే. నిజం లాగ్ ఎప్పుడూ కొంచెం చిందరవందరగానే ఉంటుంది, ఎందుకంటే రోడ్డు అలా ఉంటుంది కాబట్టి. వారం రోజుల లాగ్ మరీ ముచ్చటగా, బ్రేకులన్నీ సరిగ్గా 30 నిమిషాలకి, అన్నీ గుండ్రటి అంకెల్లో కనిపిస్తే మా టీంలో అందరికీ ముందు డౌట్ వచ్చేది అక్కడే.

దీనికి మందుగా 2017 డిసెంబర్ 18 నుంచి ఈఎల్‌డీ తప్పనిసరి చేశారు, బండి ఇంజన్‌కి తగిలించే లాగ్ మెషీన్. బండి కదిలి గంటకి 5 మైళ్ళు దాటిందంటే డ్రైవింగ్ వరస దానంతటదే మొదలవుతుంది, డ్రైవర్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. దానికంటే ముందునుంచి వేరే రకం రికార్డర్లు వాడుతున్నవాళ్ళకి 2019 డిసెంబర్ దాకా గడువిచ్చారు. 2000కి ముందు ఇంజన్లున్న పాత బళ్ళకీ, దగ్గర దగ్గర ఊళ్ళ మధ్యే తిరిగేవాళ్ళకీ మినహాయింపు. ఇన్‌స్పెక్టర్ ఆపితే డ్రైవర్ ఒక బటన్ నొక్కి ఫైల్ పంపిస్తాడు, అక్కడ అతని కంప్యూటర్‌లో తప్పులుంటే కనిపిస్తాయి. నేను న్యాయంగా చెప్పాలి, దీనివల్ల చాలా మారింది. రెండు బుక్కుల కాలం పోయింది. 20 గంటలు ఏకబిగిన నడిపి కాగితం మీద 10 అని రాసుకోవడం ఇప్పుడు అంత ఈజీ కాదు. మన ఉత్తరం రాసినాయన చూసింది ఈ సగం.

రెండో సగం మాలాంటి ఆఫీసుల్లో కనబడుతుంది. ఆ మెషీన్ రూల్ ప్రకారం ఉందని ఎవరు సర్టిఫై చేస్తారనుకుంటున్నారు? తయారుచేసిన కంపెనీయే. తనకి తనే సర్టిఫికెట్ ఇచ్చుకుని గవర్నమెంట్ లిస్టులో పేరు ఎక్కించుకోవడం, చాలా ఏళ్ళు ఇలాగే నడిచింది. తర్వాత ఎప్పుడో తేడా తెలిస్తే లిస్టులోంచి తీసేస్తారు, అలా తీసేసిన వాటికి ఇంకో లిస్టు ఉంది, ఎప్పటికప్పుడు పెరుగుతూనే ఉంటుంది. రూల్ అయితే స్పష్టంగానే ఉంది, మెషీన్ తనంతట తాను రాసుకున్న డ్రైవింగ్ టైంని తగ్గించకూడదు, మిగతావి ఏదైనా మార్చాలంటే ఎందుకు మార్చామో నోట్ రాయాలి, డ్రైవర్ దానికి ఓకే చెప్పాలి, పాత రికార్డు కూడా అలాగే ఉండిపోవాలి. కానీ కొందరు దొంగదారులు కనిపెట్టారు. పక్క సీట్లో లేని మనిషి పేరుతో రెండో డ్రైవర్ లాగిన్ పెట్టి, ఒకడి 11 గంటలు అవగానే రెండోవాడు నడుపుతున్నట్టు చూపించడం. సొంత పనికి బండి వాడుకుంటే దానికి వేరే స్టేటస్ ఉంది, హోటల్‌కి భోజనానికి వెళ్ళడం లాంటి వాటికి, దాన్ని పెట్టుకుని లోడుతో వంద మైళ్ళు లాగించడం. ఇవి కాక వెనకనుంచి సర్వర్‌లోనే టైం జరిపేసేవాళ్ళు. మా ఆఫీసుని ఒక క్లయింట్ ఇలాంటిదే అడిగాడు, మా మేనేజర్ కుదరదన్నాడు, నెల తిరక్కుండా ఆ క్లయింట్ వెళ్ళిపోయాడు. ట్రక్కులు అమ్ముకుని పోయాడని నేననుకోను, చేసిపెట్టేవాడు ఇంకెక్కడో దొరికుంటాడు, అంతకంటే తక్కువ రేటుకి.

ఇదంతా డ్రైవర్లు దొంగలు కాబట్టి జరుగుతుందని మీ పాఠకులు అనుకుంటారేమో, అలా అనుకోవద్దని ఒక సంగతి చెప్తా. మాకు ఫోన్ చేసేవాళ్ళలో పంజాబీ డ్రైవర్లు చాలామంది, హిందీలో మాట్లాడతారు. ఒకాయన పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కాడు, ఎనిమిదికల్లా గోడౌన్ దగ్గరికి చేరాడు. లోపలికి పిలిచి దించుకుని పంపేసరికి మధ్యాహ్నం మూడున్నర. ఆ టైమంతా సీట్లోనే, ఎప్పుడు పిలుస్తారో తెలీదు కాబట్టి పడుకోవడానికి లేదు, ఎదురుచూసిన దానికి డబ్బులూ లేవు ఎందుకంటే ఆయనకిచ్చేది మైలుకింత అని. 14 గంటల గడియారం మాత్రం ఆగదు, రాత్రి ఎనిమిదికి బండి ఆపెయ్యాల్సిందే. తర్వాతి లోడు ఎనిమిది గంటల దూరంలో, మర్నాడు పొద్దున ఆరింటికి అక్కడ ఉండాలి. బ్రోకర్ ఒకపక్క ఫోన్ మీద ఫోన్. ఆయన నాతో అన్నది హిందీలోనే గానీ నాకు తెలుగులో గుర్తుండిపోయింది, బాబూ ఇప్పుడు నాకు నిద్ర రావట్లేదు, రాత్రి హాయిగా నడపగలను, మెషీన్ వద్దంటుంది, రేపు మధ్యాహ్నం నాకు నిద్ర ముంచుకొస్తుంది, అప్పుడు మెషీన్ నడుపు అంటుంది. నేనేం చెప్తాను, రూల్ చెప్పాను. పైగా ఎనిమిదింటికి ఆపాలంటే ఆపడానికి చోటు ఉండాలి కదా, చీకటి పడ్డాక ట్రక్ స్టాపుల్లో ఖాళీ దొరకదు, హైవే దిగే ర్యాంపుల పక్కన వరసగా ఆపుకుని పడుకుంటారు, అక్కడా వచ్చి లేపుతారు.

అందుకే లాగ్ అనేది డ్రైవర్ ఒక్కడి కథ కాదంటా. ఆ 8 గంటల దూరానికి ఆ టైం పెట్టింది డ్రైవర్ కాదు. అమెరికా వాళ్ళు ఆలస్యంగానైనా ఇది ఒప్పుకున్నారు, 2016 జనవరి చివర్నుంచి ఒక రూల్ ఉంది, ట్రక్కు ఓనరే కాదు, సరుకు పంపేవాడు, దించుకునేవాడు, మధ్యలో బ్రోకర్, వీళ్ళలో ఎవరైనా గంటలు దాటి నడపమని డ్రైవర్‌ని బెదిరిస్తే వాళ్ళ మీద కంప్లైంట్ ఇవ్వొచ్చు, ఫైన్ పడుతుంది. ఎంతమంది ఇస్తున్నారంటే మీరే ఆలోచించండి, రేపట్నుంచి లోడు ఇవ్వనంటే ఏం చేస్తాడు. అయినా రూల్ ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు.

ఇప్పుడు మన సంగతికొస్తా. మా అక్క మొగుడు, అంటే మా బావ, చెన్నై నుంచి విజయవాడ, అప్పుడప్పుడు వైజాగ్ దాకా పన్నెండు టైర్ల లారీ నడుపుతాడు. నేను రాత్రంతా అమెరికా వాడి గంటలు లెక్కపెట్టి ఇంటికొచ్చేసరికి మా బావ గంటలు లెక్కపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు, అది నాకు ఎప్పుడూ కొంచెం విడ్డూరంగా ఉంటుంది. చట్టం లేదా అంటే ఉంది. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యాక్ట్ ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 48 అని ఉండేది. దూరం రూట్లయితే పర్మిషన్ తీసుకుని పెంచుకోవచ్చు, అదీ రోజుకి 10, వారానికి 54 దాటకూడదు అనేవాళ్ళు. 5 గంటలు పనిచేస్తే కనీసం అరగంట రెస్ట్. 1988 మోటార్ వెహికల్స్ యాక్ట్‌లో 91వ సెక్షన్ ఈ గంటలనే పాటించమంటుంది. 2020లో పార్లమెంట్ పాస్ చేసిన లేబర్ కోడ్‌లో ఈ పాత చట్టాన్ని కలిపేశారు, ఆ కోడ్ 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. అక్కడి 11 గంటల కంటే మనదే గట్టి రూల్, చూశారా. అయితే చెన్నై నుంచి విజయవాడ సుమారు 450 కిలోమీటర్లు, లోడు బండి సగటున నలభై నలభై ఐదు మీద పోతుంది, డ్రైవింగే పది గంటలు దాటుతుంది, ఇంక లోడింగ్, కాటా, డీజిల్ ఎక్కడ పెడతారు. పైగా పెద్ద పెద్ద ట్రాన్స్‌పోర్టులు తప్పితే ఒకటి రెండు లారీలున్న ఓనర్లే మన దగ్గర ఎక్కువ, ఐదుగురు పనివాళ్ళు లేని చోటికి 1961 చట్టం మామూలుగా వచ్చేది కూడా కాదు. బండి ఆపిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆర్‌సీ అడుగుతాడు, ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, సరుకుకి జీఎస్టీ ఈవే బిల్లు అడుగుతాడు, ఎప్పుడు పడుకున్నావయ్యా అని మాత్రం మా బావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

2021లో కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ గారు పైలట్లకి ఉన్నట్టే లారీ డ్రైవర్లకీ గంటలు ఫిక్స్ చెయ్యాలి, కునుకు పడితే పట్టేసే సెన్సార్లు పెట్టాలి అన్నారు, మీ పేపర్లోనూ వచ్చింది. కాబట్టి ఇవాళ కాకపోతే రేపు మనకీ లాగ్ వస్తుంది. వస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఎక్కువ దూరం పోనక్కర్లేదు. కొన్ని పెద్ద కంపెనీల లోడ్లకి, ముఖ్యంగా గ్యాస్, కెమికల్ ట్యాంకర్లకి, డ్రైవర్ ఎక్కడ రెస్ట్ తీసుకున్నాడో షీటు ఇవ్వాలి అని ఇప్పటికే అడుగుతున్నారు. మా బావ పాత ఓనర్ దగ్గర, ఆయన పేరూ వద్దు, ఆఫీసులో ఒక కుర్రాడు ఎక్సెల్‌లో దానికొక ఫార్ములా పెట్టుకున్నాడు. బయల్దేరిన టైం కొడితే చాలు, నాలుగు గంటలకో బ్రేక్, రాత్రి పన్నెండు నుంచి నాలుగున్నర దాకా నెల్లూరులో రెస్ట్, అన్నీ వాటంతట అవే పడిపోతాయి, కింద డ్రైవర్ సంతకం, అది బయల్దేరకముందే తీసుకుంటారు. ఒకసారి ఆ షీటు మా ఇంట్లో టేబుల్ మీద ఉంటే ఉద్యోగం అలవాటు కొద్దీ నేను దాన్ని చూస్తూ కూర్చున్నా. టోల్ మెసేజ్‌లు ఓనర్ ఫోన్‌కే పోతాయి గానీ ఆ ట్రిప్పువి మా బావ అడిగి పంపించుకున్నాడు, బత్తా లెక్కలో ఏదో తేడా వచ్చి. షీటు ప్రకారం బండి నెల్లూరులో నిద్రపోతున్న టైంకి ఫాస్టాగ్ ప్రకారం కావలి దగ్గర ముసునూరు టోల్ దాటింది 1:40కి, టంగుటూరు దాటింది 2:55కి. అక్కడ డబ్బులు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్, ఇక్కడ గురకపెట్టి నిద్రపోయినట్టు సంతకం, రెండూ ఒకే టేబుల్ మీద. ఆ షీటు తీసుకున్న కంపెనీ సేఫ్టీ ఆఫీసర్‌కి ఇబ్బందేం లేదు, ఆయన ఫైల్ నిండింది.

మా దగ్గర ఇంకొకటుంది, అది చెప్పకుండా చెన్నై లారీల గురించి రాయడం దండగ. పోర్టు క్యూ. మణలి నుంచి ఎన్నూర్ రోడ్డు వైపు కంటెయినర్ ట్రైలర్లు ఎలా నిలబడి ఉంటాయో మా ఏరియా వాళ్ళని ఎవర్ని అడిగినా చెప్తారు, గేటు దాకా పోవడానికి గంటలు గంటలు పట్టే రోజులున్నాయి. ఆ క్యూలో బండి కాసేపటికోసారి ఒక బండి పొడుగు ముందుకు జరగాలి, జరక్కపోతే వెనకవాడు హారన్, పక్కనుంచి ఇంకోడు దూరిపోతాడు, కాబట్టి డ్రైవర్ నిద్రపోలేడు, ఇంజన్ వేడికి చెమటలు కారుతూ కూర్చుంటాడు. షీట్లలో ఈ టైం అంతా ఏమని పడుతుందో తెలుసా, రెస్ట్ అని. బండి కదల్లేదు కదా అంటారు. రేపు మెషీన్ వచ్చినా ఇదే రాస్తుంది, గంటకి రెండు మూడు కిలోమీటర్లు పాకితే అదీ డ్రైవింగ్ అని మెషీన్‌కి ఎవడు చెప్తాడు. తర్వాత గేటు దాటి లోడు ఎక్కించుకుని, అయిదారు గంటలు రెస్ట్ తీసుకున్న డ్రైవర్‌గా కాగితం మీద ఫ్రెష్‌గా హైవే ఎక్కుతాడు, తడ దాటేసరికి కళ్ళు మూతలు పడతాయి.

యూరప్‌లో ఇంకా పాత కథ ఉంది, అక్కడ ట్యాకోగ్రాఫ్ అని స్పీడూ నడిపిన గంటలూ రాసే మెషీన్ బండిలోనే ఉంటుంది, 2006 నుంచి కొత్త బళ్ళలో డిజిటల్‌వి పెట్టారు, నాలుగున్నర గంటలకి 45 నిమిషాల బ్రేక్ రూల్. దాని సెన్సార్ దగ్గర అయస్కాంతం పెట్టి బండి ఆగినట్టు చూపించినవాళ్ళూ ఉన్నారు, దాన్ని పట్టుకోవడానికి మళ్ళీ కొత్త రకాలు తెచ్చారు. మన స్పీడ్ గవర్నర్ల సంగతి ఏ మెకానిక్‌ని అడిగినా నవ్వుతాడు, ఎఫ్‌సీకి పోయే రోజు పనిచేస్తుంది, మర్నాడు వైరు పీకేస్తారు, సర్టిఫికెట్ మాత్రం పక్కా. లాగ్ మెషీన్ వస్తే ముందు లాభపడేది మెషీన్ అమ్మేవాడు, ఆ తర్వాత దాన్ని సర్దిపెట్టేవాడు, మా ఓఎంఆర్‌లో ఇంకో నాలుగు ఆఫీసులు వెలుస్తాయి, నాకు జీతం కూడా పెరుగుతుందేమో.

మరేం చెయ్యాలి అంటారా. నాకు తోచింది చెప్తా, పెద్ద ఖర్చయ్యేవి కావు. మనకి 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. చెన్నై దగ్గర నల్లూరు నుంచి విజయవాడ దగ్గర కాజా దాకా ఎన్ని టోల్ గేట్లున్నాయో లెక్కేసుకోండి, సూళ్ళూరుపేట, బూదనం, వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు, బొల్లాపల్లి, ప్రతి గేటూ బండి ఏ నిమిషానికి దాటిందో రాసి పెట్టుకుంటుంది, ఆ రికార్డు మార్చడం ఓనర్ చేతిలో ఉండదు, డ్రైవర్ చేతిలో ఉండదు, లాగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాడి చేతిలో అసలే ఉండదు. అమెరికా మొత్తానికి ఇలాంటి ఒకే టోల్ ట్యాగ్ లేదు, మనకుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉన్న ఫోన్‌లో బండి నెంబర్ కొడితే గడిచిన రెండు రోజుల టోల్ టైములు కనబడేలా చేస్తే చాలు, డ్రైవర్ చూపించే షీటు ఎంత అందంగా ఉంటే ఎవరిక్కావాలి, టోల్‌కి టోల్‌కి మధ్య ఎక్కడా నాలుగు గంటల ఖాళీ లేకపోతే ఆ మనిషి పడుకోలేదని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ఇద్దరు డ్రైవర్లున్నారంటే రెండోవాడు క్యాబిన్‌లో ఉండాలి, కనపడతాడు కదా. టోల్ లేని రోడ్లమీద ఇది పనిచెయ్యదు, ఒప్పుకుంటా, పోర్టు క్యూని కూడా పట్టుకోదు, దానికి పోర్టు గేటు టోకెన్ టైం కలపాలి. ఇదంతా చూస్తే డ్రైవర్ ఎక్కడ తిరిగాడో గవర్నమెంట్‌కి తెలిసిపోదా అని అడగొచ్చు, తెలిసిపోతుంది, ఇప్పుడూ తెలుసు, డబ్బులు కట్ చేసుకోవడానికి వాడుతున్నారు, అతని నిద్రకి వాడట్లేదు అంతే.

రెండోది, పట్టుబడితే ఫైన్ ఎవరికి అన్నది. డ్రైవర్‌కి వేస్తే అది అతని బత్తాలోంచే పోతుంది, ఓనర్‌కి ఈగ వాలినట్టు కూడా ఉండదు. సరుకు పంపేటప్పుడు ఎప్పటికి చేరాలో ఎక్కడో రాసుకుంటారు, వాట్సాప్‌లోనైనా. ఆ టైం ఎనిమిది పది గంటల లెక్కకి కుదరనిదైతే ఆ టైం పెట్టినవాడికే ఫైన్ వెయ్యాలి. ఈవే బిల్లు చూడండి, 2021 నుంచి 200 కిలోమీటర్లకి ఒక రోజు వ్యాలిడిటీ ఇస్తున్నారు, ఆ లెక్కన చెన్నై నుంచి కోల్‌కతాకి సుమారు 1,650 కిలోమీటర్లకి 9 రోజులు. గవర్నమెంట్ 9 రోజులిచ్చినా పార్టీ మూడో రోజు సాయంత్రానికి కావాలంటాడు, లేటయితే కిరాయిలో కోస్తానంటాడు. ఒకప్పుడు నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలని రూల్ ఉండేది, అదీ తీసేశారు, డ్రైవర్లు దొరకట్లేదని. దొరకరు మరి, ఈ బతుకు చూసి మా బావ కొడుకే స్టీరింగ్ పట్టనంటున్నాడు.

ఇంకో చిన్న సంగతి, ఆపమంటే ఎక్కడ ఆపాలి. మాధవరంలో ట్రక్ టెర్మినల్ ఉంది, బయల్దేరే చోట ఉంది. దారిలో రాత్రి రెండింటికి నిద్ర వస్తే నెల్లూరుకీ ఒంగోలుకీ మధ్య డాబాల దగ్గర తప్ప ధైర్యంగా ఆపుకునే చోటు లేదంటాడు మా బావ, డీజిల్ దొంగలు, టార్పాలిన్ కోసేవాళ్ళు, డాబావాడు కూడా తిండి తింటేనే ఆపనిస్తాడు. క్యాబిన్లో ఏసీ ఉండాలని 2025 నుంచి తయారయ్యే పెద్ద లారీలకి రూల్ వచ్చింది, సంతోషం, మా బావ నడిపే పాత బండికి అది రావడానికి ఇంకో పదేళ్ళు పడుతుంది.

మీ రిపోర్టర్‌ని ఒకరిని ఒక రాత్రి తడ దగ్గరో సూళ్ళూరుపేట టోల్ దగ్గరో నిలబెట్టండి సార్, దాటిన లారీల్లో డ్రైవర్లని ఆఖరిసారి ఎక్కడ పడుకున్నావని అడిగి, అదే బండి ఫాస్టాగ్ టైములు ఓనర్ని అడిగి పక్కపక్కన వేసి అచ్చెయ్యండి. ఓనర్లు ఇవ్వనంటారు, ఆ ఇవ్వననడం కూడా అచ్చెయ్యండి. లాగ్ మెషీన్ కావాలా వద్దా అని మీ పేజీలో ఆ తర్వాత కొట్టుకుందాం.

ఇట్లు,
మాధవరం నుంచి మీ పాఠకుడు,
చెన్నై.